గాలి రాకపోతే

మద్రాసు,
18 ఏప్రిల్ 1988

నాన్నగారికి, మీ ఇందుమతి నమస్కారాలు.

నెగ్గాను నాన్నగారూ! నిన్నటి నోటి పరీక్షతో అన్నీ అయిపోయాయి. నాకు డాక్టరేటు ఇస్తున్నారు. మీ మీద కోపం ఇంకా పోలేదు గానీ, ఈ సంగతి ముందు మీకే రాయాలనిపించింది.

దసరాకి వచ్చినప్పుడు చుట్టాలందరి ముందూ మీరన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "కొత్త సంగతి తెలిస్తే పాత మాట వెనక్కి తీసుకునే కంప్యూటరంట! దానికి అంత చదువెందుకే? మనింట్లో మాట మార్చినవాడు లేడు. ఆ పట్టా ఇచ్చే రోజున నన్ను పిలవకు, రాను" అన్నారు. అందరూ నవ్వారు. నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. అమ్మకి కూడా చెప్పలేదు.

నిన్న పరీక్ష చేసినవాళ్లలో ఒక పెద్దాయన సరిగ్గా అదే అడిగారు. "ఇవాళ ఔనన్నది రేపు కాదంటే ఆ యంత్రాన్ని నమ్మేదెలా?" అని. అప్పుడు మీరే గుర్తొచ్చారు. పోయినేడు పూతకాలంలో నేను ఇంట్లోనే ఉన్నాను కదా. మామిడి పూత చూసి "ఈసారి చెట్లు విరగకాస్తాయి" అన్నారు. వారం తిరక్కుండా మంచు పట్టింది. "పూత మాడింది, ఇంక కాపు లేదు" అని తల పట్టుకున్నారు. తోట చూసే యలమంద పరుగున వచ్చి, "మంచు పల్లంలోనే ఆగిందండీ, మెరక తోట మీదకి రాలేదు" అన్నాడు. "అయితే కాపుందిరా!" అని గంతేశారు. మూడో మాట రెండోదాన్ని పడగొట్టేసరికి, పడిపోయిన మొదటి మాట లేచి నిలబడింది. అంతమాత్రాన ఎవరైనా మిమ్మల్ని అబద్ధాలకోరన్నారా? ఆయనకి ఇదంతా చెప్పి, నా కంప్యూటరు చేసేదీ ఇదేనన్నాను. ఏ మాట దేన్ని పడగొడుతోందో చూసి, చివరికి నిలిచినదాన్నే నమ్ముతుంది.

"మరి రేపటి సంగతో?" అన్నారాయన.

"గాలికి కాయ రాలుతుందని, మా నాన్నగారు కాపు గురించి ఏం చెప్పినా చివర 'గాలి రాకపోతే' అంటారండీ. నా కంప్యూటరూ అంతే" అన్నాను. ఆయన లేచి వచ్చి చేయి కలిపారు!

పట్టా ఇచ్చేది వచ్చే నెల. రానన్నారు కాబట్టి పిలవడం లేదు. చెబుతున్నానంతే.

మీ ఇందుమతి


విస్సన్నపేట,
26 ఏప్రిల్ 1988

అమ్మడూ, నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అమ్మ పైకి చదివింది. నువ్వు ఏడ్చావన్న చోట ఆగిపోయింది. నాకూ ఏడుపొచ్చింది.

అయినా ఓడిపోవడం నాకు చేతకాదు కదా! నీ మాటని పడగొట్టే మాట కోసం రెండ్రోజులు వెతికాను. మీ అమ్మని అడిగితే, "పూత పూసినప్పట్నుంచీ మాట మార్చేది మీరేగా, ఇంకేం చెబుతారండీ?" అంది. యలమందని అడిగితే నవ్వుకుంటూ తోటలోకి వెళ్లిపోయాడు. ఎక్కడా దొరకలేదు. కాబట్టి దసరాకి నేనన్న మాట పడిపోయింది.

చిన్న రసాలు తెస్తున్నాను. వాటిని కోసి తినకూడదనీ, పిసికి జుర్రుకోవాలనీ మీ పెద్దాయనకి ముందే చెప్పి ఉంచు.

పట్టా రోజుకి మీ అమ్మా నేనూ వస్తున్నాం. గాలొచ్చినా సరే.

మీ నాన్న,
బసవపున్నారావు