రాజధాని మామయ్య తాజాకలం

కళ్లద్దాల కొట్టు మామయ్యకి,

మీ మేనకోడలు క్షేమంగా చేరింది, నమస్కారాలు చెబుతోంది, ఆకలిగా కూడా ఉంది.

హాస్టల్ గది బాగుంది. కిటికీ తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. కోర్సు పేరు మళ్లీ చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి: అంతర్జాతీయ ప్రభుత్వాలు, విధానాలు. ఉండేది నాలుగు వారాలే. కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ "మా అమ్మాయి విదేశాంగ మంత్రి అయింది" అని చెప్పడం దయచేసి ఆపండి.

ఇక్కడ తరగతిలో ఒక ఆట పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక ఉత్తుత్తి దేశం. నా దేశానికీ, నా పక్కన కూర్చునే పొడుగాటి అబ్బాయి దేశానికీ మధ్య ఒకే నది. నీళ్లు ఎలా పంచుకోవాలో తేల్చుకోవాలి. కానీ రాయబారి సొంతంగా ఏదీ ఒప్పుకోకూడదట. ఇంటి దగ్గరున్న ఒక మనిషిని "రాజధాని"గా పెట్టుకుని, ఆ మనిషి చేత్తో రాసిన ఉత్తరం ప్రకారమే నడవాలి. ఫోన్లు నిషేధం. ఉత్తరం ఫొటో తీసి యూనివర్సిటీకి పంపితే అందరి ముందూ చదువుతారు. నేను మీ పేరు ఇచ్చాను.

కోర్సు అయ్యేలోగా ఒప్పందం కుదరకపోతే నేను ఫెయిల్. ఫెయిలైతే డిగ్రీ ఆగిపోతుంది, చేతికొచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. కాబట్టి "సగం సగం పంచుకో" అని ఒక్క ముక్క రాయండి, చాలు.

మీ రాయబారి

తా.క.: అత్త వెతుకుతున్న స్వెట్టరు దొరికింది. నా ఒంటి మీదే ఉంది.

*

చిరంజీవి రాయబారికి,

రాజధాని దీవించి రాయునది. ఇంట్లో అందరం బాగున్నాం.

ఇన్నేళ్లకు నన్నొకరు రాజధాని అన్నారు. మీ అత్తకి చదివి వినిపిస్తే, "రాజధానిగారూ, ముందు ఆ చెత్తబుట్ట బయట పెట్టండి" అంది. ఇంట్లో మనిషికి ఎప్పుడూ విలువ ఉండదులే.

నది సంగతి: సగం సగం పంచుకో. పొరుగువాళ్లతో గొడవ దేనికి? మంచితనాన్ని మించింది లేదు.

ఇట్లు,
రాజధాని

తా.క.: పక్క కొట్టు టైలరుతో నాకు మాటల్లేవు. కొత్త బోర్డు పెట్టాడు. అది ఎంత పొడుగంటే, నా బోర్డు మీది కళ్లద్దాల బొమ్మలో ఒక అద్దం మూసుకుపోయింది. దారిన పోయేవాళ్లు ఒంటికన్ను కొట్టు అంటున్నారు. వెనక కుళాయికి తాళం వేశాను. ఇస్త్రీకి నీళ్లెక్కడ తెచ్చుకుంటాడో తెచ్చుకోమను, ఒక్క చుక్క ఇవ్వను!

*

మామయ్యకి,

కొంప మునిగింది, అయినా నమస్కారం.

ఇక్కడో నియమం ఉంది, నేను ముందే చెప్పాల్సింది. కాగితంలో అన్నిటికన్నా చివర ఏది రాసి ఉంటే అదే తుది మాట. మీ "సగం సగం" చదవగానే అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత తాజాకలం చదివారు. "ఒక్క చుక్క ఇవ్వను" దగ్గర పొడుగాటి అబ్బాయి లేచి బయటికి వెళ్లిపోయాడు. అది టైలరు గారి సంగతని ఎంత మొత్తుకున్నా ప్రొఫెసరమ్మ వినలేదు. రాజధాని మాటకి రాయబారి వేరే అర్థాలు చెప్పకూడదట.

మళ్లీ రాయండి. నది గురించి మాత్రమే. మీకు పుణ్యముంటుంది, తాజాకలం వద్దు.

తల పట్టుకున్న రాయబారి

తా.క.: నేను రాయొచ్చు. నేను రాజధానిని కాను.

*

చిరంజీవికి,

ఆశీస్సులు. మనసు కొంచెం నొచ్చుకుంది.

తాజాకలం లేకుండా ఉత్తరమేమిటమ్మా? చెప్పాల్సిందంతా చెప్పేశాకే కదా అసలు సంగతి గుర్తొచ్చేది. అయినా నీ చదువు కోసం నోరు కట్టేసుకుంటున్నాను. టైలరు గురించి ఒక్క మాట కూడా రాయను. వాడు నిన్న ఏం చేశాడో కూడా రాయను. ఏం చూపు చూశాడో అసలే రాయను.

నది చెరిసగం. ఇదే రాజధాని ఆజ్ఞ. సంతకం పెట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

రాజధాని

తా.క.: అమ్మాయ్, నేను అత్తని. ఫొటో నన్ను తీయమన్నారు కాబట్టి కింద రెండు ముక్కలు రాస్తున్నాను. మీ మామయ్య నిన్న నిచ్చెనెక్కి టైలరు గారి బోర్డు ఊడబీకి తెచ్చి మన మెట్ల కింద దాచారు. ఇవ్వనంటున్నారు. దాని మీద దుప్పటి కప్పి, అది బల్ల అంటున్నారు.

*

మామయ్యకి,

నమస్కారం చేసే ఓపిక కూడా లేదు.

మన దేశం పొరుగువాళ్ల ఆస్తిని ఆక్రమించుకుందని తేల్చారు. అన్ని దేశాలూ అత్యవసరంగా సమావేశమై మనల్ని తిట్టాయి. తిట్టని దేశం ఒక్కటుంది, ఆ అమ్మాయి నిద్రపోతోంది. భోజనాలప్పుడు నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు.

ఇక ఒక్కటే దారి. బోర్డు తిరిగి ఇచ్చేయాలి. కుళాయి తాళం తీయాలి. బోర్డు ఎక్కడ పెట్టాలో, నీళ్లు ఎవరెప్పుడు పట్టుకోవాలో ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఒక్క మీ సంతకమైతే ఇక్కడ మన మాట ఎవరూ నమ్మరు. రేపటిలోగా రాకపోతే నా పని అయిపోయినట్టే.

మీకు కష్టమని తెలుసు. అయినా మిమ్మల్ని కాక ఎవరినడగను?

మీ అమ్మాయి

తా.క.: ఈసారి తాజాకలం రాయండి. అందులో మంచి మాట ఉంటే చాలు.

*

బంగారుతల్లికి,

ఈసారి రాజధాని కాదు, మామయ్యే దీవిస్తున్నాడు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. నా పంతం వల్ల పిల్ల ఫెయిలవుతుందా అనిపించింది. పొద్దున్నే బోర్డు నెత్తిన పెట్టుకుని వాడి కొట్టుకి వెళ్లాను. ఎదుటి కొట్టువాళ్లు, పక్క కొట్టువాళ్లు పని మానేసి మరీ చూశారు. లోపలికెళ్లి బోర్డు గోడకి ఆనించాను. వాడు కాలితో స్టూలు ఇటు జరిపాడు. కూర్చున్నాను.

"అమ్మాయికి సంతకం కావాలట" అన్నాను.

"దేనికి?"

"నదికి."

వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఒరేయ్, కళ్లు పరీక్ష చేయించుకో" అన్నాడు. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నెల దాటింది అలా నవ్వి. గుండెల మీంచి పెద్ద బరువు దిగిందమ్మా. అబద్ధం ఎందుకు, వాడు లేకపోతే నాకు తోచడం లేదు.

బోర్డు అడుగున్నర పక్కకి జరుపుతాడు. నీళ్లు పొద్దున వాడికి, మధ్యాహ్నం నాకు. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

మీ మామయ్య

తా.క.: నేను టైలర్ని. నదుల గురించి నాకు తెలియదు. తాళంచెవి మాత్రం నా జేబులో పడింది. అమ్మాయిని పాస్ చేయండి.

*

మామయ్యకీ, టైలరు గారికీ కలిపి,

ఇద్దరికీ వంగి నమస్కారాలు.

పాసయ్యాను! మీ కాగితం చూడగానే ప్రొఫెసరమ్మ లేచి నిలబడి చేయి కలిపారు. హమ్మయ్య అనుకుని గదికొచ్చి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు మీరు కూర్చుని చదవాల్సిన సంగతి. మామయ్యా, ఇక్కడ ఉత్తుత్తి దేశాలు లేవు. నది లేదు. చివరి మాటే తుది మాట అనే నియమమూ లేదు. కోర్సులో మాకు ఇచ్చిన పని ఒక్కటే: ఎక్కడైనా నిజంగా నడుస్తున్న తగాదా ఒకటి తీసుకుని, అక్కడికి వెళ్లకుండా, ఉత్తరాలతోనే తీర్చాలి. ఇరుపక్షాల సంతకాలూ తేవాలి. తేలేకపోతే ఫెయిల్. ఆ భయం మాత్రం నిజం.

పత్రికల నిండా తగాదాలే, దేన్నైనా తీసుకోవచ్చు. కానీ నేను విమానమెక్కే రోజు అత్త నన్ను పక్కకి పిలిచి, "టైలరు గారితో మాటలు మానేసినప్పటి నుంచి మీ మామయ్య సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడకుండా, కొట్టు కట్టేసి నేరుగా ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు" అంది. "నువ్వు వెళ్లి రాజీ పడు" అంటే మీరు పడరు. "నాకోసం" అంటే మాత్రం కాదనరు. అందుకే నదిని తవ్వాను. అత్త రాసిన తాజాకలం నేను అడిగి రాయించిందే.

కోపమొస్తే తిట్టండి. ఇద్దరూ ఒకే స్టూలు దగ్గర కూర్చుని తిట్టండి, నాకు అది చాలు.

మీ అమ్మాయి

తా.క.: పొడుగాటి అబ్బాయి మాత్రం నిజంగానే ఉన్నాడు. వాళ్ల పెద్దమ్మలిద్దరి తగాదా ఇంకా తేలలేదట, పాపం ఏడుస్తున్నాడు. సలహాకి మా ఇంటి దగ్గర అనుభవమున్న పెద్దమనిషి ఉన్నారని చెప్పి అడ్రసు ఇచ్చాను. మీది కాదు మామయ్యా, టైలరు గారిది.