మాణిక్యం ఈసారి రానంది

కలకత్తా,
సెప్టెంబరు 1959

అన్నయ్యకు నమస్కారాలు.

పేపర్లో నా పేరెందుకు రావడం లేదని అడిగావు. ఫుట్‌బాల్లో గోలు కొట్టినవాడి పేరే వేస్తారన్నయ్యా. వెనక నిలబడి గోలు పడకుండా ఆపేవాడు ఎవరికి కావాలి? మొన్న ఫైనల్లో మోకాలు వాచినా చివరిదాకా ఆడాను, గెలిచాం. మర్నాడే క్లబ్బు సెక్రటరీ పిలిచి, వచ్చే ఏడు నాతో పనిలేదన్నాడు. హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ ఇదే వరస. ఇప్పుడు బొంబాయిలో ఒక మిల్లు జట్టువాళ్ళు రమ్మంటున్నారు.

ఆ మాట చెబితే మాణిక్యం పెట్టె సర్దడానికి లేవలేదు.

"మీరెళ్ళండి. నేను చీరాల పోయి మీ వదినతో కలిసి మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటా. పిల్లకి ఊరికో భాషలో అక్షరాలు దిద్దించడం నా వల్ల కాదు" అంది.

కోపం పట్టలేక అరిచాను. పిల్ల ఏడుస్తూ బెంగాలీలో నాతో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. అదేమిటో వాళ్ళమ్మ కూడా చెప్పలేదు.

ఇద్దర్నీ మద్రాసు మెయిల్ ఎక్కిస్తున్నాను. ఆదివారం చీరాల స్టేషనుకు వెళ్ళు. మాణిక్యాన్ని ఏమీ అడగొద్దని వదినతో చెప్పు. బొంబాయిలో ఒక్క ఏడాది ఆడి వచ్చేస్తానన్నాను. మాణిక్యం నమ్మలేదు. నువ్వైనా నమ్ము.

నీ తమ్ముడు