చెక్కకి అటువైపు

మార్చి 3, సోమవారం

టైక్వాండో మాస్టారు నోటీసు బోర్డు మీద పోటీకి వెళ్ళేవాళ్ళ పేర్లు అంటించారు. చెక్కలు విరగ్గొట్టే బ్రేకింగ్ విభాగంలో నా పేరుంది. నేనివ్వలేదు. అడిగితే, నువ్విస్తావని కూర్చుంటే ఈ జన్మకి అవదమ్మా, అందుకే నేనే రాసేశాను అన్నారు.

ఐటెం ద్విచాగి. ప్రత్యర్థికి వీపు చూపించి, భుజం మీద నుంచి ఒక్క చూపు చూసి, మడమతో వెనక్కి తన్నడం. మా డోజాంగ్‌లో, అదే మా శిక్షణశాలలో, నా మడమకి మంచి పేరుంది. గాడిద తన్ను అంటాడు తమ్ముడు. వాడూ ఇక్కడే నేర్చుకుంటున్నాడు. నేను తన్నేటప్పుడు ఎదురుగా చెక్కలు పట్టుకుని నిలబడేది కూడా వాడే.



మార్చి 5, బుధవారం

మరదలు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంది. వదినా, మీరు పతకాలు తెచ్చుకోండి, పేపర్లో పడండి, నాకూ సంతోషమే, కానీ ఆయన వేళ్ళు జాగ్రత్త, మా ఇల్లు నడిచేది వాటి మీదే కదా అంది. కోపంగా అనలేదు. అంటే బాగుండేది, నేనూ ఒక మాట అని ఊరుకునేదాన్ని.

తమ్ముడిది మొబైల్ రిపేరు షాపు. పొద్దస్తమానం మైక్రోస్కోపు కింద నువ్వుగింజంత పార్టుల్ని బోర్డుకి అతికిస్తుంటాడు. మిగతా షాపుల వాళ్ళు చేతులెత్తేసిన ఫోన్లన్నీ వీడి దగ్గరికే వస్తాయి. ఆ వేళ్ళతోనే సాయంత్రం రెండు చెక్కల్ని జతగా అంచుల దగ్గర బిగించి నా మడమకి ఎదురు పెడతాడు.

ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ కనిపించలేదు.

మార్చి 6, గురువారం

ఈ రోజు కనిపించాయి. తిరిగి భుజం మీద నుంచి చూడగానే, చెక్క అంచు మీద వాడి వేళ్ళ కొసలు. కాలు మధ్యలోనే ఆగిపోయింది.

మార్చి 10, సోమవారం

తగిలింది.

మడమ చెక్క మధ్యలో పడకుండా పక్కకి జారి అంచుకి కొట్టుకుంది. తమ్ముడు చెక్కలు కింద పెట్టి ఎడమ చెయ్యి విదిలించుకున్నాడు. ఏం లేదక్కా, దోమ కుట్టినట్టుంది అన్నాడు. అంత పెద్ద దోమ ఎక్కడుంటుంది. ఉంగరం వేలు అప్పుడే వంకాయలా తయారైంది.

భోజనాల దగ్గర కంచం కదలకుండా ఎడమ చేత్తో పట్టుకోలేక మోచెయ్యి ఆనించి తిన్నాడు. అమ్మ చూసింది. మరదలు చూసింది.   భయంగా ఉంది. పోటీ అంటే కాదు, నా కాలంటేనే భయంగా ఉంది.

మార్చి 11, మంగళవారం

నేను రక్తం తీసే ల్యాబ్‌లో పని ఉందని అబద్ధం చెప్పి డోజాంగ్ ఎగ్గొట్టాను.

మార్చి 14, శుక్రవారం

ల్యాబ్‌కి మీసాలు మెలేసుకుని ఒకాయన వచ్చాడు. షుగర్ టెస్టు. సూది తీయగానే మీసాలు వాలిపోయాయి. అందరికీ చెప్పినట్టే చెప్పాను, ఇటు చూడకండి, అటు చూడండి అని. అటు ఏముందమ్మా, గోడే కదా అన్నాడు. గోడే చూడండి అన్నాను. పాపం బుద్ధిగా గోడ చూశాడు. రక్తం తీసేశాక, అప్పుడే అయిపోయిందా అన్నాడు.

రోజంతా నేను ఊరందరికీ చెప్పే మాటే అది. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువ.

సాయంత్రం మాస్టారు కూడా అదే చెప్పారు. చూపెక్కడుంటే మడమ అక్కడికే పోతుంది, నువ్వు వేళ్ళకి తగలకూడదని వేళ్ళనే చూస్తున్నావు, అందుకే వేళ్ళకి తగులుతోంది అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. భయపడి మెల్లగా తన్నావనుకో, చెక్క విరగదు, విరగని చెక్క దెబ్బంతా పట్టుకున్నవాడి చేతుల్లోకే పోతుంది. జాలిపడి తన్నడం కంటే పాపం లేదు అన్నారు.

అంటే నేను గట్టిగా తన్నినా వాడికే, మెల్లగా తన్నినా వాడికే. ముందు నుయ్యి వెనక గొయ్యి. చెక్క మీద ముడి చూసి తన్నమన్నారు. చూశాను. ముడి పక్కనే మళ్ళీ వేళ్ళు.

మార్చి 17, సోమవారం

చెక్క పట్టుకునే మనిషిని మార్చమని మాస్టార్ని అడిగాను. మాతో పాటు నేర్చుకునే లాయరుగారు ముందుకొచ్చారు. ఆయన బ్లాక్ బెల్టు, బరువైన మనిషి, మాట ఇంకా బరువు. నీ కాలు నా దాకా రానీ, నేను చూసుకుంటాను అన్నారు.

నేను వీపు తిప్పగానే ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. మడమ గాలిలోకి పోయి, ఒరిగిన చెక్క మీద జారింది. నా చీలమండ కాస్త వాచింది. లాయరుగారు కదల్లేదనే వాదించారు. చూసినవాళ్ళందరూ నవ్వారు.

తమ్ముడు నన్ను బండి మీద ఇంటికి తీసుకొస్తూ, అలవాటులో కేసు వాయిదా వేసేశాడక్కా అన్నాడు. నవ్వాను. వెనక కూర్చుని వాడి వేళ్ళ వైపు చూస్తూ నవ్వాను. ఉంగరం వేలు బ్రేకు మీద లేదు. విడిగా, నిటారుగా పెట్టుకున్నాడు.

మార్చి 22, శనివారం

రేపే పోటీ.

మధ్యాహ్నం తమ్ముడు ల్యాబ్‌కి వచ్చి రక్తం ఇచ్చేవాళ్ళ కుర్చీలో కూర్చున్నాడు. రేపు నేనే పట్టుకుంటాను అన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నాడు. చెప్పేశాను. నీ వేళ్ళు విరిగిపోతాయని భయం, మీ ఆవిడ మొహం చూడలేను, నీ షాపు షట్టరు కలలోకి వస్తోంది, మూసి ఉంటుంది అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. పక్క టేబులు నర్సు దూది కోసం వెతుకుతున్నట్టు నటించింది.

 వాడన్నాడు. నువ్వు ఆగితేనే విరుగుతాయక్కా. వేళ్ళు చూడకు, చెక్కా చూడకు. మోకాలి మీద కూర్చుని చెక్క సరిగ్గా నా మొహానికి అడ్డంగా పట్టుకుంటాను. నా మొహాన్ని తన్ను. చిన్నప్పుడు నా మొహం చూస్తేనే నీకు కాలు లేచేది కదా అన్నాడు.

ఇది ధైర్యం చెప్పడమా? ఇప్పటిదాకా వేళ్ళకే భయపడ్డాను.

మార్చి 23, ఆదివారం, ఉదయం 8

స్టేడియం. కాళ్ళు చల్లగా ఉన్నాయి. ఎవరో నొప్పుల స్ప్రే కొట్టుకుంటున్నారు, హాలంతా ఆ వాసనే. తమ్ముడు ఉంగరం వేలికున్న కట్టు విప్పేశాడు. కట్టు ఉంటే పట్టు జారుతుందట. వేలు ఇంకా పచ్చగా ఉంది.

మరదలు వచ్చింది. పై వరసలో కూర్చుంది. పర్సు రెండు చేతులతో పట్టుకుంది.

అదే రోజు, సాయంత్రం

నా పేరు పిలిచారు. వంగి నమస్కరించాను. తమ్ముడు ఒక మోకాలి మీద కూర్చుని చేతులు బిగించి చెక్కలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడు కనిపించడం మానేశాడు. చెక్కలు, వేళ్ళు. అంతే ఉన్నాయి.

వీపు తిప్పాను. ఇక్కడ ఆగిపోతాననుకున్నాను. నిజంగా ఆగిపోయాను. జడ్జి వాచీ వైపు చూశాడు. పై వరసలో మరదలు లేచి నిలబడింది.

అప్పుడు చెక్క వెనక నుంచి తమ్ముడి గొంతు. ఏమే గాడిదా, తన్నడం మర్చిపోయావా అన్నాడు. హాలంతా వినపడేలా అన్నాడు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే చూశాను. అక్కడికే తన్నాను.

రెండు చెక్కలూ నిలువునా విరిగాయి. వాటి మధ్యలోంచి వాడి మొహం కనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. తర్వాత తెరిచి, పదివేళ్ళూ విప్పి పై వరస వైపు చూపించాడు. మరదలు కూలబడింది.

రెండో స్థానం ఇచ్చారు. ఆలస్యం చేసినందుకు మార్కులు కోశారట. కొయ్యనీ.

మార్చి 26, బుధవారం

తమ్ముడి షాపు ముందు నుంచి వచ్చాను. షట్టరు తెరిచే ఉంది. మైక్రోస్కోపు మీద వంగి ఉన్నాడు. పిలవలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

వచ్చే పోటీకి తమ్ముడు వెళ్తున్నాడు. ఈ రోజు చెక్క నేను పట్టుకున్నాను.

మొహానికి అడ్డంగా పెట్టుకుంటే అవతల ఏమీ కనిపించదు. మనిషి కనిపించడు, కాలు కనిపించదు. చెక్క మీద చారలు, నా వేళ్ళు. అడుగు తిరిగిన చప్పుడు వినిపించింది.

ఏదో ఒకటి అనక్కా, ఎక్కడ తన్నాలో తెలియాలి కదా అన్నాడు.

నోరు తెరిచాను, ఆ రోజు ఇక్కడి నుంచి వాడికి మాటెలా వచ్చిందో.