అత్తయ్యగారి ట్రిబ్యునల్

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ముక్క రాస్తుండగానే మా అత్తయ్యగారు భుజం మీదుగా తొంగిచూసి, "అదిగో, ఆ క్షేమమే మీ కొంప ముంచింది!" అన్నారు. ఆవిడ అన్నదీ నిజమే.

భత్యం ఎందుకు ఇవ్వలేదని అడిగావు కదా. నడుములో నరాలు దెబ్బతిని, కాళ్లు మొద్దుబారి, బస్సు డ్రైవరు పని మానేసి ఇంట్లో కూర్చున్నాక వికలాంగుల భత్యానికి దరఖాస్తు పెట్టాను. పరీక్షించే డాక్టరు రెండో అంతస్తులో ఉన్నాడు, లిఫ్టు పాడైంది. నా వెనక జనం నిలబడి ఉన్నారు. పరువుకు పోయి, కమ్మీ పట్టుకుని పళ్లబిగువున ఎక్కేశాను. "ఎలా ఉన్నారు?" అంటే "భేషుగ్గా!" అన్నాను. పైగా ఒక జోకు కూడా వేశాను. ఆయన హాయిగా నవ్వి, "మెట్లు సునాయాసంగా ఎక్కగలరు" అని రాసుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నేను మంచం దిగలేదని ఆయనకు ఎవరు చెబుతారు?

ఇప్పుడు ట్రిబ్యునల్‌కు అప్పీలు చేశాం. వచ్చే గురువారం విచారణ. నెగ్గితే పొద్దుటిపూట నాకు సాయానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. నన్ను కనిపెట్టుకుని ఉండటానికి లాండ్రీలో సగం షిఫ్టుకు మారిన నీ మరదలు మళ్లీ పూర్తి పనికి వెళ్లవచ్చు.

ఉచిత సలహా కేంద్రంలో అమ్మాయి "ఇంట్లో ఒకసారి ప్రాక్టీసు చేసుకోండి" అంది. అంతే, అత్తయ్యగారు జడ్జి అయిపోయారు! ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన టీచరమ్మ ఆవిడ. భోజనాల బల్లకు అటు ఆవిడ, ఇటు నేను. గరిటెతో బల్ల మీద కొట్టి మొదలుపెట్టారు.

"మేజోళ్లు ఎవరు తొడుగుతారు?"

"నేనే తొడుక్కుంటానండీ."

"అబద్ధం! రోజూ మా అమ్మాయే తొడుగుతోంది. నా కళ్లతో చూస్తున్నా."

"జడ్జిగారే సాక్ష్యం చెప్తే ఎలాగండీ, అత్తయ్యగారూ?"

"ఇక్కడ అత్తయ్యా లేదు, అల్లుడూ లేడు. అడిగినదానికి జవాబు చెప్పండి!"

పక్క గదిలో నీ మరదలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

తర్వాత, "మళ్లీ బస్సు ఎప్పుడు నడుపుతారు?" అన్నారు. నువ్వూ మొన్నటి ఉత్తరంలో అదే అడిగావు. "నడపలేనండీ. బ్రేకు మీద కాలు ఉందో లేదో నాకే తెలియదు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. పక్క గదిలో నవ్వు ఆగిపోయింది. అత్తయ్యగారు గరిటె పక్కన పెట్టి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"అక్కడ కూడా ఇలాగే చెప్పండి, బాబూ" అన్నారు.

చెప్పాక గుండె తేలికపడింది. అందుకే నీ దగ్గర దాచిందీ చెప్పేస్తున్నాను. కర్ర పట్టుకుని నడుస్తున్నానని రాస్తూ వచ్చాను కదా, ఆ కర్ర ఎప్పుడో చాలకుండా పోయింది. చక్రాల కుర్చీ తెచ్చుకున్నాం. దాంట్లో వీధిలోకి వెళ్లడానికి మొహం చెల్లక మంచం పక్కనే మడతపెట్టి ఉంచాను. నువ్వు ఏడవకు, నాకే ఏడుపు రావట్లేదు.

నిన్న అది బయటికి తీశాను. దారి చూసుకుందామని ముగ్గురం ట్రిబ్యునల్ దాకా బయల్దేరాం. వచ్చింది నేను నడిపిన రూటు బస్సే! డ్రైవరు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. నన్ను కుర్చీలో చూసి తెల్లబోయి, గబగబా దిగి ర్యాంపు వాల్చింది.

"సరిగ్గా వేశానా, గురువుగారూ?"

"కాలిబాటకు దూరంగా ఆపావమ్మా. ర్యాంపు ఇంత నిటారుగా ఉంటే నేను వెనక్కి దొర్లుకుంటూ ఇంటికే పోతాను."

"మీరు నేర్పినట్టే ఆపానండీ!"

"నేర్పినప్పుడు నేను ఎక్కలేదుగా!"

బస్సంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి నవ్వుకుంటూ ర్యాంపు ఎత్తేసి వెళ్లి, బస్సును కదిపి కాలిబాటను ఒరుసుకునేలా ఆపి, మళ్లీ ర్యాంపు వాల్చింది. వెనక నుంచి తోయబోయిన నీ మరదల్ని వద్దని, నా చేతులతో నేనే చక్రాలు తిప్పుకుని లోపలికి వెళ్లాను. కుర్చీ కిటికీ పక్కన పెట్టుకుని, గొంతెత్తి "రైట్, పోనీ!" అన్నాను.

బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
నీ తమ్ముడు