కలెక్టర్ మేడం పళ్ళు

జూన్ 23, 2024, ఆదివారం

కలెక్టర్ మేడం నోటి నుంచి కంపు వస్తోంది.

ఇది రాజద్రోహం కాదు. కలెక్టర్ అంటే మా పిల్లి. రోజూ పొద్దున్నే తోక నిలబెట్టుకుని వీధిలో ప్రతి ఇంటి చెత్తబుట్టనూ తనిఖీ చేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతుంది కాబట్టి ఆ పేరు పెట్టాను. నల్గొండలో ఇంత క్రమం తప్పని ఇన్‌స్పెక్షన్ ఇంకోటి ఉండదు.

ఇవాళ పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కెవ్వున అరిచింది. గిన్నె వైపు తిరిగి బుస కొట్టింది. గిన్నే కరిచిందనుకుంది పాపం. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు పండు మిరపకాయల్లా ఉన్నాయి. నేను అయిదో తరగతికి సైన్స్ టీచర్‌ను. కోరపళ్ళు, నమిలే పళ్ళు అని బోర్డు మీద గీసి, భాగాలు గుర్తించిన వాళ్ళకు నాలుగు మార్కులు వేస్తాను. నిజం పళ్ళు చూసేసరికి నాకు చెమటలు పట్టాయి.

జూన్ 24

స్కూల్లో పర్మిషన్ పెట్టి పశువుల దవాఖానకు తీసుకెళ్ళాను. మా ముందు రెండు బర్రెలు, ఒక మేకపోతు. కలెక్టర్ సంచిలోంచి తల బయటపెట్టి బర్రెను పై నుంచి కింది దాకా చూసి మళ్ళీ లోపలికి పోయింది.

డాక్టర్ మంచివాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇది చిగుళ్ళ జబ్బమ్మా, ఇంజక్షనిస్తె పది దినాలు మంచిగుంటది, మళ్ల మొదటికొస్తది, గీ పండ్లు తీసేయాలె, మత్తిచ్చి తీసే సామాను నా దగ్గర లేదు, హైదరాబాద్ పో అన్నాడు. ఇంజక్షన్ ఇచ్చాడు. కలెక్టర్ అతని చేతి మీద సంతకం చేసింది.

జూన్ 25, సాయంత్రం

హైదరాబాద్‌లో పిల్లుల పళ్ళు చూసే క్లినిక్ దొరికింది. డాక్టర్ తిరుమల మేడం. ఫోటోలు వాట్సాప్ చేశాను. వెనక పళ్ళన్నీ తీసేయాలి, అదొక్కటే శాశ్వతమైన దారి అన్నారు. రక్త పరీక్ష, మత్తు, ఎక్స్‌రే, మందులు అన్నీ కలిపి పద్దెనిమిది వేలు.

నా జీతం పదకొండు.

బాపుకు చెప్పాను. బాపుది బోరు మోటర్ల వైండింగ్ షాపు. గా పైసలకు రెండు మేకపిల్లలొస్తయి బిడ్డా అన్నాడు. మేకపిల్లలు నా మంచం మీద పడుకోవు కదా అన్నాను. పండవెడితె ఎందుకు పండవు అన్నాడు. కానీ తర్వాత టార్చి తెచ్చి, కాలిన మోటర్ విప్పినట్టే దాని పెదవి విప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. కాయిల్ మొత్తం పోయింది అని లోపలికి వెళ్ళిపోయాడు.

జూన్ 30

పక్కింటి నర్సింగమ్మ గురించి రాయకపోతే ఈ చరిత్ర అసంపూర్ణం.

అరవై దాటిన మనిషి. ఒక్కతే ఉంటుంది. ఆమె, బాపు నాలుగేళ్ళుగా మాట్లాడుకోరు. మేం కట్టిన గోడ ఆమె జాగా జానెడు మింగిందని ఆమె అంటుంది. సర్వేయర్‌ను తెచ్చుకోమని బాపు అంటాడు. సర్వేయర్‌ను ఇద్దరూ తేలేదు. తెస్తే తగువు అయిపోతుందని భయం కావచ్చు. అంతకు ముందు అక్కా, తమ్ముడూ అని పిలుచుకునేవాళ్ళు.

ఇప్పుడు ఏం చెప్పాల్సి వచ్చినా పిల్లికి చెప్తారు. గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి, గట్టిగా. మొన్న బాపు, ఓ కలెక్టరూ, కొందరి మునగకొమ్మ మన కరెంటు తీగ మీద పడ్డది, జర చెప్పు అన్నాడు. అవతలి నుంచి, ఓ పోరీ, కొందరికి చేతులు లేవా, కొట్టుకొమ్మను అని వచ్చింది. ఆమె దాన్ని పోరి అంటుంది. సాయంత్రానికి కొమ్మ లేదు. ఎవరు కొట్టారో ఎవరూ చెప్పలేదు. మునక్కాయలు మాత్రం సగం మా గోడ మీద ఉన్నాయి.

ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. పిల్లి మాది, అది అవతలి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు.

జూలై 2

ట్యూషన్ మొదలుపెట్టాను, ఫీజు అడ్వాన్స్. తొమ్మిది మంది పిల్లలు, పదిహేడు చెప్పులు. ఒకటి కలెక్టర్ పట్టుకుపోయింది.

జూలై 9

ఇంజక్షన్ ప్రభావం అయిపోయింది. నోటి నుంచి జొల్లు, అందులో ఎర్రటి చార. గిన్నె దగ్గరకు పరిగెత్తుకొస్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి నడుస్తుంది. ఆకలి ఉంది, ధైర్యం లేదు. ఇవాళ ఎత్తుకుంటే అమ్మ మడతపెట్టిన నూలు చీర అంత బరువు ఉంది.

ఆదివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. డబ్బు ఇంకా సరిపోలేదు. తీసుకున్నాను అంతే.

జూలై 12

బాపు గోడ దగ్గర నిలబడి వార్తలు చదివాడు. ఓ కలెక్టరూ, ఐతారం హైదరాబాద్ పోతున్నవ్, పండ్లు పీకిస్తరు, పద్దెనిమిది వేలు, మన ఇంట్ల పిల్లికైనా గట్లనే చూస్తం అన్నాడు. మేకపిల్లల ప్రస్తావన రాలేదు.



జూలై 13, పొద్దున

గోడ మీద రాయి. రాయి కింద ఆరు వేలు.

ఓ పోరీ, నీ పండ్ల పైసలు గీడ పెట్టిన, గాలికి పోతే నన్నడగకు అని అవతలి నుంచి ప్రకటన. మన పిల్లికి మందివి పైసలెందుకు అని బాపు. గది మీ పిల్లెప్పుడైంది, పుట్టింది నా బియ్యం డబ్బల అని ఆమె. బాపు నా వైపు వంగాడు. పైసలు తీసుకుంటే సగం పిల్లి ఆమెదైపోతుందని నా చెవిలో అన్నాడు. ఏ సగం అని అడిగాను. పళ్ళున్న సగమైతే ఇచ్చేద్దాం అన్నాను. తిట్టాడు.

రెండు గంటలు ఆ నోట్లు అక్కడే ఉన్నాయి. మొగులు పట్టింది. అమ్మ వెళ్ళి తీసుకొచ్చింది. వానకు ఎవరి పైసలైనా తడుస్తయి అంది. గోడకు రెండు వైపులా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

జూలై 14, ఆదివారం

రాత్రి నుంచి దానికి ఏమీ పెట్టొద్దని తిరుమల మేడం చెప్పారు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో తిండి ఉంటే ప్రాణం మీదికి వస్తుందట. కాబట్టి రాత్రే గిన్నె బోర్లించాను. తెల్లారి తనిఖీ నుంచి తిరిగొచ్చాక బుట్టలో కూర్చోబెట్టుకుని బస్సు ఎక్కాను.

కండక్టర్ ఆధార్ చూసి నాకు ఆడవాళ్ళ జీరో టికెట్ కొట్టాడు. ఇది కూడా ఆడదే అన్నాను. ఆధారున్నదా అని అడిగాడు. బస్సంతా నవ్వింది.

చౌటుప్పల్ దాటాక కలెక్టర్ బుట్టలో కక్కింది. ఎండుచేప. మెత్తగా ఉడికించి, ముళ్ళు తీసి, చేత్తో మెదిపిన ఎండుచేప. మా ఇంట్లో ఎండుచేప వండరు. బస్సు ఇక నవ్వలేదు.

మేడం మత్తు ఇవ్వనన్నారు. రక్తం మాత్రం తీసుకుని వచ్చే ఆదివారం రమ్మన్నారు. ఇంకా ఆలస్యమైతే ఇది అసలు తినడమే మానేస్తుంది, అప్పుడు నేను కూడా ఏం చేయలేను అన్నారు.

తిరుగు ప్రయాణంలో నేను జోకులేం వేయలేదు.

జూలై 15

ఇంట్లో ఎండుచేప సంగతి చెప్పాను. బాపు కోపంతో గోడ దగ్గరకు పోతాడనుకున్నాను. పోలేదు. ఊరికి పోతాందని కడుపునిండ పెట్టి పంపిందేమో అన్నాడు.

నేనే వెళ్ళి ఆమెకు చెప్తానన్నాను. వద్దన్నాడు. నువ్వు టీచర్ లెక్క చెప్తవ్, ఆమె తన చేతుల్తోనే దానికి కీడు చేసిన అనుకుంటది, నేను చెప్త అన్నాడు.

జూలై 18

బాపు ఇంకా చెప్పలేదు. షాపులో మోటర్లకు చెప్పి ప్రాక్టీస్ చేస్తున్నాడని అనుమానం.

జూలై 20, శనివారం, సాయంత్రం 6

స్కూల్ నుంచి రాగానే కలెక్టర్‌కు ఇంత మెత్తటన్నం తినిపించి బాత్రూంలో పెట్టి గొళ్ళెం వేశాను. ఈసారి ఎవరినీ నమ్మను. ఆ సంగతి బాపుకు చెప్పేలోపే ఆయన గోడ దగ్గర ఉన్నాడు.

ఓ కలెక్టరూ అన్నాడు. రేపు ఆపరేషన్, కడుపు ఖాళీ ఉండాలెనట, లేకుంటే మత్తియ్యరట, ఎవరేం పెట్టినా ముట్టకు అన్నాడు. మళ్ళీ, మొన్న తిన్నవ్ గద, ఏం కాలె, ఉత్త తారీకు మారింది అన్నాడు.

అవతల చాటలో బియ్యం చెరిగే చప్పుడు ఆగింది.

ఓ పోరీ, నాకు తెల్వది అని వచ్చింది. దూరం పోతున్నవ్ గద అని పెట్టిన, ఆకలితోని ఎవరన్న పంపుతరా అంది. తెల్వక పెడితె తప్పేంది, మేమే చెప్పకపోతిమి అన్నాడు బాపు. ముసల్దాన్ని, ముందుగాల అడగాలె గద నేను అంది ఆమె. తర్వాత, మత్తుల నుంచి లేస్తది గద అని అడిగింది.

లేస్తది, ఎందుకు లేవదు, నువ్వేం ఫికర్ చెయ్యకక్కా అన్నాడు బాపు.

ఆయన కలెక్టర్‌ను అక్కా అనడం ఇదే మొదటిసారి.

ఆ మాట తర్వాత ఇద్దరూ కదలలేదు. పిల్లి అవతల ఉందని బాపు అనుకుంటున్నాడు. ఇవతల ఉందని ఆమె అనుకుంటోంది. కలెక్టర్ బాత్రూంలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని తలుపును గీకుతోంది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

జూలై 21, ఆదివారం

బాపు షాపు మూసి నాతో వచ్చాడు. తక్కువ పడిన డబ్బు కౌంటర్ దగ్గర ఆయనే కట్టాడు, నేను చూడకుండా.

పద్నాలుగు పళ్ళు. మూడు గంటలు. లేచింది.

జూలై 23

రెండు వారాలు ఇంట్లోనే ఉండాలి. మెత్తటి తిండి. గోడ ఎక్కకూడదు.

పొద్దున నర్సింగమ్మ గేటు దగ్గరకు వచ్చింది. గోడ దగ్గరకు కాదు, గేటు దగ్గరకు. చేతిలో గిన్నె. అడ్డం తప్పుకో తమ్ముడూ అంది. ఉప్పేసినవా అని అడిగాడు బాపు. నాకు నేర్పుతున్నవా అంది. లోపలికొచ్చి కూర్చుని వేలితో ఒక్కో ముద్ద తినిపించింది. అమ్మ ఛాయ్ ఇచ్చింది. ఛాయ్ సగంలో జానెడు జాగా సంగతి మొదలైంది. నాలుగేళ్ళలో మొదటిసారి ముఖాముఖి తగువు. అద్భుతంగా తిట్టుకున్నారు. మధ్యలో పిల్లి లేదు.

సాయంత్రం మళ్ళీ వచ్చింది. మిగతా సగం తగువు కోసం.

ఆగస్టు 6, పొద్దున 6:10

కలెక్టర్ గోడ ఎక్కి, మధ్యలో కూర్చుని ఆవులించింది. ముందు నాలుగు కోరలు, వెనకంతా గులాబీ రంగు. చాలా పెద్ద ఆవులింత. అరవలేదు. అటు నర్సింగమ్మ చీపురు ఆగింది. ఇటు చీపురు ఆగింది.