తాడు కట్టి లాగిన కారు

తిరుమణి, మంగళవారం

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. పొద్దున మా పాత ఆటోమేటిక్ కారు ఇంటి ముందరే మొండికేసింది. ఇంజను మోగుతా ఉండాది, గేరు వేస్తే మాత్రం బండి కదల్లేదు. మా ఆయనకు ఎడమ కాలు పని చేయదు. క్లచ్చి తొక్కే పని లేదనే కదా ఆ బండి తెచ్చుకునింది!

పొలం సోలారు కరెంటోళ్లకు కౌలుకిచ్చినాక ఊరికే నిలబడిన ట్రాక్టరు తెచ్చి, మరిది కారుకు తాడు కట్టినాడు. స్టీరింగు నేను పట్టుకున్నా. పావగడ దాకా లాక్కొని పోయి, నన్నూ కారునూ ఆడ దింపి మరిది ఎనక్కి వచ్చేసినాడు.

మెకానిక్కు గేరాయిలు వేలికి రాసుకొని వాసన చూసినాడు. మాడిన వాసన.

"ఎట్ల తెచ్చినారక్కా?"

చెప్పినా. తల పట్టుకున్నాడు.

"ఆయిలు కారి తగ్గింది, అంతే. పోసింటే కదిలేది. ఇంజను ఆపి లాగితే ఈ గేరుబాక్సులో ఆయిలు తిరగదక్కా. లోపలంతా రాసుకొని కాలిపోయింది."

మేమే చంపినామా?

ఇంటికొస్తే మా ఆయన మరిదికి కాఫీ ఇస్తా, "నువ్వుండబట్టి బండి దక్కిందప్పా" అంటా ఉన్నాడు. ఆ తాడు పదిలంగా చుట్టి నా చేతికిచ్చినాడు, కారు వస్తానే డిక్కీలో పెట్టమని.

పెడతాలే అన్నా.