గేటు దాకా వచ్చాను

చెల్లీ నవ్యా,

బాలింతవి, కోపం తెచ్చుకోకుండా చదువు. ఫోన్లో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను.

ఇన్నేళ్లకు నీ కడుపు పండితే, పాపని చూడ్డానికి పెద్దమ్మ రాలేదేంటని మీ అత్తగారు అడిగారట. ఆదివారం నేను వచ్చాను నవ్యా.

ఇక్కడ మంగినపూడిలో మా ఆశా కార్యకర్తలకి ఫ్లూ ప్రచారం అప్పజెప్పారు. ఆటోలో మైకు పట్టుకుని, "జ్వరం, దగ్గు ఉంటే పసిపిల్లల దగ్గరికి వెళ్లకండి" అని వీధి వీధీ తిరిగి చెప్పాను. జనం నవ్వారు. చేపలమ్మే పోలమ్మైతే తుమ్ముతూనే, "జలుబుక్కూడా మైకా? నా మనవణ్ణి నేనెత్తుకోక ఎవరెత్తుకుంటారే?" అని నా మీదకి లేచింది. తర్వాత ఆ పసివాడే ఆయాసంతో బందరు ఆసుపత్రిలో చేరాడు. బతికి ఇంటికొచ్చాడు కానీ, ఆవిడ ఇప్పటికీ వాణ్ణి ముట్టుకోకుండా గుమ్మంలోనే కూర్చుంటోంది.

ఆదివారం పాపకి గౌన్లు తీసుకుని బస్సెక్కాను. బంటుమిల్లిలో దిగేసరికి ఒళ్లు కాలిపోతోంది. అయినా కాళ్లు ఆగక మీ గేటు దాకా వచ్చాను. లోపల పాప ఏడుస్తోంది, నువ్వు జోకొడుతున్నావు. నీ గొంతు అచ్చం అమ్మ గొంతులా ఉంది. మాస్కు పెట్టుకుని ఒక్కసారి చూసొద్దామని గడియ మీద చెయ్యి వేశాను. తియ్యలేకపోయాను. సంచీ గేటుకి తగిలించి వెనక్కి వచ్చేశాను.

ఆ గౌన్లు వేడినీళ్లలో ఉతికి తొడుగు. నాకు జ్వరం తగ్గింది, దగ్గు కూడా పోగానే వస్తాను. అప్పటిదాకా ఫొటోలు పంపకు. పాప ఎవరి పోలికో నేనే ఎత్తుకుని చూసుకోవాలి.

మీ అక్క